పాస్‌పోర్టు మాట్లాడే ఇంగ్లిషు

ఎవరికి ఇంగ్లిషు వచ్చు, ఎవరికి రాదు అన్నది తేల్చడం పండితుల పని అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. ఆ పని ఎప్పుడో వీసా గుమాస్తాకు బదిలీ అయింది. దక్షిణ కొరియా సంగతే తీసుకోండి. అక్కడ ఇంగ్లిషు చెప్పడానికి ఈ-2 అని ఒక వీసా ఇస్తారు. అది పుట్టు ఇంగ్లిషువారికి. పుట్టు ఇంగ్లిషువారు ఈ భూమ్మీద ఏడే ఏడు దేశాల్లో పుడతారని ఆ ప్రభుత్వం కనిపెట్టింది: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. వీటిలో ఏదో ఒకదాని పాస్‌పోర్టు, ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. ఆ డిగ్రీ చేపల పెంపకంలోదైనా సరే, గోల్ఫ్ మైదానాల నిర్వహణలోదైనా సరే. పచ్చిక సమంగా కోయడం నేర్చినవాడికి పాసివ్ వాయిస్ ఒక లెక్కా!

జాబితాలో దక్షిణాఫ్రికా ఉంది చూశారా? ఆ దేశపు జనాభా లెక్కల ప్రకారం ఇంట్లో ఇంగ్లిషు మాట్లాడేవాళ్లు నూటికి పదిమంది లోపే. సింగపూర్‌లో బడి చదువంతా ఇంగ్లిషులోనే నడుస్తుంది, అయినా సింగపూర్ లేదు. కేంబ్రిడ్జిలో లా చదివి అగ్రశ్రేణిలో నెగ్గిన ఆ దేశపు తొలి ప్రధాని లీ క్వాన్ యూ రాజకీయాలు విసుగెత్తి సియోల్‌లో ట్యూషన్ చెప్పుకుందామనుకున్నా ఈ వీసా దొరికేది కాదు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1936 నుంచి 1952 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పీఠం మీద కూర్చుని ఇంగ్లిషువాళ్లకే ఇంగ్లిషులో తత్వశాస్త్రం చెప్పారు. కొరియా పిల్లలకు 'ఏ ఫర్ యాపిల్' చెప్పే యోగ్యత మాత్రం ఆయనకు లేదు. ఏటా సెప్టెంబరు 5న ఆయన ఫొటోకు దండ వేసే టీచర్లందరూ ఈ సంగతి గుర్తుంచుకుంటే, తమకు వీసా రాలేదన్న దిగులు కొంత తగ్గుతుంది.

అలాగని మనల్ని పూర్తిగా మరిచిపోయారనడం అన్యాయం. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంలో మనకూ ఒక చిన్న కిటికీ తెరిచారు. భారతీయులు కూడా ఇంగ్లిషు చెప్పవచ్చు. కాకపోతే ఏదో ఒక డిగ్రీ సరిపోదు, డిగ్రీతో పాటు ఇంగ్లిషు బోధనలో టీచరు అర్హత కావాలి. అవన్నీ ఉంటే, బడిలో సహాయక ఉపాధ్యాయుడు కావచ్చు. ఖాళీలు మెండుగా ఉండే ప్రైవేటు ట్యూషన్ కేంద్రాల వైపు మాత్రం కన్నెత్తి చూడకూడదు. అంటే బీఎడ్ చదివినవాడు సహాయం చేస్తాడు, గోల్ఫ్ మైదానం చదివినవాడు ఎక్కడైనా చెబుతాడు. రెండు దేశాల వాణిజ్య మంత్రిత్వ శాఖలు సంవత్సరాల తరబడి కూర్చుని సాధించిన సమగ్రత ఇది.

వీసా అర్హత ఒక్కటే చాలదు, ట్యూషన్ కేంద్రానికి దరఖాస్తుతో పాటు ఫొటో కూడా పంపాలి. ఉచ్చారణ వినడానికి ఫొటో ఎందుకని అడక్కండి. పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయి తరఫున ఫొటో అడిగినప్పుడు అమ్మాయి వ్యాకరణం చూడటానికని మనం ఎప్పుడైనా అనుకున్నామా? ట్యూషన్ కేంద్రం యజమాని కూడా అంతే. గోడ మీద, బస్సు వెనక, కరపత్రం మీద ఒక మొహం వేయాలి. ఆ మొహం ఏ రంగులో ఉంటే తల్లులు పిల్లల్ని చేరుస్తారో అతనికి తెలుసు. అమెరికాలో పుట్టి, అక్కడే చదివి, ఇంగ్లిషు తప్ప మరో ముక్క రాని నల్లజాతి టీచర్లు, మన ఎన్నారైల పిల్లలు కూడా ఈ ఫొటో దగ్గర జారిపడుతుంటారు. పాస్‌పోర్టు మాట్లాడినా మొహం మాట్లాడదు మరి.

సరే, ఇన్ని జల్లెళ్లు పట్టి తెచ్చుకున్న ఆ బంగారు గొంతుకు జీతం ఎంత? ఇక్కడే అసలు తమాషా మొదలవుతుంది. కొరియాలో వీధివీధికీ ఉండే ఈ ట్యూషన్ కేంద్రాలను హగ్వాన్‌లంటారు. 2008 ప్రాంతంలో కొత్తగా దిగిన విదేశీ టీచరుకు ఒక హగ్వాన్ ఇచ్చే జీతం నెలకు సుమారు 21 లక్షల వోన్‌లు. అప్పుడు ఆ దేశంలో కనీస వేతనం గంటకు 3,770 వోన్‌లు. నెలకు లెక్క వేస్తే ఎనిమిది లక్షల లోపే. అంటే టీచరుగారు కనీస కూలీకి రెండున్నర రెట్లకు పైగా అందుకునేవారు. 2026లో కనీస వేతనం గంటకు 10,320 వోన్‌లయింది. నెలకు 209 గంటల లెక్కన 21,56,880 వోన్‌లు. మరి టీచరుగారి జీతం? ఇప్పటికీ చాలా ప్రకటనల్లో 21 నుంచి 25 లక్షల మధ్యే ఊగిసలాడుతోంది. మన డబ్బులో లక్షా ముప్పై వేల పైచిలుకు. అర్ధరాత్రి దుకాణంలో నూడుల్స్ డబ్బాకు వేడినీళ్లు పోసి ఇచ్చే కుర్రాడు, న్యూజిలాండ్ నుంచి విమానమెక్కి వచ్చిన పట్టభద్రుడు ఇప్పుడు భుజం భుజం రాసుకుంటున్నారు. కుర్రాడికి పనిచేసిన ప్రతి గంటకూ కూలీ వస్తుంది. పట్టభద్రుడికి శనివారం 'ఇంగ్లిష్ ఫెస్టివల్'లో ఎలుగుబంటి వేషం వేసే అదృష్టం వస్తుంది.

ఇల్లు ఉచితం కదా అంటారు. నిజమే, ఇస్తారు. మంచం మీద నుంచి లేవకుండానే పొయ్యి మీద అన్నం కలపగలిగినంత దగ్గరితనం ఉన్న ఒంటిగది. అది వద్దు, నేనే వెతుక్కుంటానంటే నాలుగైదు లక్షల వోన్‌ల అలవెన్సు చేతిలో పెడతారు. సియోల్‌లో కాస్త వెలుతురొచ్చే గది అద్దె అంతకు మించి ఉంటుంది. పైగా ఇంటి యజమానికి యాభై లక్షలో, కోటో వోన్‌ల డిపాజిట్ ముందే కట్టాలి. అంత డబ్బే ఉంటే ఎలుగుబంటి వేషం ఎందుకు వేస్తాడు? ఇక తిండి. 2024 మార్చిలో ఆ దేశంలో యాపిల్ ధర ఏడాది కిందటి కంటే 88 శాతం పెరిగింది. 'ఏ ఫర్ యాపిల్' చెప్పే టీచరుకు యాపిల్ బోర్డు మీద బొమ్మగా మాత్రమే అందుబాటులో ఉంది.

ఏడాది పూర్తయితే ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలని కొరియా చట్టం. మంచి చట్టం. దాని వల్ల ఒక కొత్త భాషా రుగ్మత పుట్టుకొచ్చింది. పది నెలల పాటు దివ్యంగా ఇంగ్లిషు చెప్పిన టీచరుకు పదకొండో నెలలో హఠాత్తుగా ఇంగ్లిషు రాకుండా పోతుంది. "తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులొస్తున్నాయి" అంటాడు యజమాని. ఏ తల్లి, ఏ ఫిర్యాదు అని అడగకూడదు. వీసా ఆ యజమాని పేరుతోనే ముడిపడి ఉంటుంది. మధ్యలో వేరే చోటికి మారాలంటే 'పంపడానికి నాకు అభ్యంతరం లేదు' అన్న కాగితం ఆయనే రాసివ్వాలి. ఇలాంటి యజమానులు అందరూ కాదు, కొందరే. అయితే ఆ కొందరి దగ్గరే ఖాళీలు ఎప్పుడూ ఉంటాయి, కాబట్టి కొత్తవాడికి ముందు తగిలేది వాళ్లే.

రాజమర్యాదల ముచ్చట ఇంకొకటి ఉంది. 2007 నుంచి ఈ విదేశీ టీచర్లకు హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి చేశారు. స్థానిక టీచర్లకు అక్కర్లేదు, కొరియా సంతతి వాళ్లకూ అక్కర్లేదు. న్యూజిలాండ్ టీచరొకరు రెండోసారి పరీక్ష చేయించుకోనని మొండికేసి ఐక్యరాజ్యసమితి దాకా వెళితే, అది జాతి వివక్షేనని అక్కడి కమిటీ 2015లో తేల్చింది. 2017లో ఆ నిబంధన ఎత్తేశారు. పాస్‌పోర్టులో ఇంగ్లిషు ఉండాలి, రక్తంలో అనుమానం ఉండకూడదు అన్న సిద్ధాంతం పదేళ్లు నడిచింది.

సముద్రం దాటి జపాన్‌కు వెళితే అక్కడి లెక్కల మాస్టార్లు ఇంకా ఘనులు. చాలాకాలం పాటు అక్కడ వారానికి ఇంచుమించు ముప్పై గంటలు దాటి పనిచేసినవాడికి యజమాని ఆరోగ్య బీమా, పింఛనులో సగం భరించాల్సి ఉండేది. అందుకే బడులకు టీచర్లను సరఫరా చేసే కంపెనీలు వారానికి 29 గంటల 30 నిమిషాలు అని ఒప్పందం రాసేవి. మిగతా అరగంట టీచరు ఏం చేస్తాడని ఎవరూ అడిగేవారు కాదు. పిరియడ్‌కు పిరియడ్‌కు మధ్య పదినిమిషాల విరామం పనికాదు, మధ్యాహ్నం పిల్లలతో కూర్చుని తినడం పనికాదు, బడి నుంచి బడికి సైకిల్ తొక్కడం అసలే పనికాదు. ఇంత కచ్చితంగా కాలాన్ని కొలిచే జాతికి బులెట్ రైళ్లు వేళకు నడవడం వింతేమీ కాదు.

ప్రభుత్వమే నడిపే జెట్ పథకం 1987లో మొదలైంది. అప్పుడు ఏడాదికి 36 లక్షల యెన్‌లు ఇచ్చారు. పాతికేళ్లు గడిచాక, 2012లో ఆలోచించి ఆలోచించి, కొత్తవాళ్లకు 33.6 లక్షలు చేశారు. అనుభవం పెరిగేకొద్దీ జీతం తగ్గే ఏకైక పథకం అనుకోకండి, దేశానికి అనుభవం పెరిగింది, అంతే. ఆ ఏడు డాలరుకు 80 యెన్‌ల దరిదాపుల్లో ఉండేది. 36 లక్షలంటే 45,000 డాలర్లు. 2024 నడిమికి డాలరు 160 యెన్‌లయింది. 33.6 లక్షలంటే 21,000 డాలర్లు. డాలర్లలో చదువు అప్పు తీర్చాల్సిన అమెరికా కుర్రాడు యెన్‌లలో జీతం తీసుకుని ఫూజీ పర్వతం వైపు చూస్తూ నిట్టూర్చాడు. 2025లో ఎట్టకేలకు 40.2 లక్షలు చేశారు. దేవుడున్నాడు, కాకపోతే 38 ఏళ్లు పట్టింది.

ఇక నోవా కథ తెలియకుండా ఈ వృత్తిలోకి దిగేవాళ్లకు పురాణ జ్ఞానం లేనట్టే. జపాన్‌లో అతి పెద్ద ఇంగ్లిషు పాఠశాలల గొలుసు అది. 2007 అక్టోబరులో దివాలా తీసింది. నాలుగు వేలకు పైగా విదేశీ టీచర్లు జీతాల్లేకుండా రోడ్డున పడ్డారు. జీతంలోంచి అద్దె పట్టుకున్న సంస్థ ఇంటి యజమానులకు ఆ అద్దె కట్టలేదు. ఆస్ట్రేలియా విమాన సంస్థ జాలిపడి తిరుగు టికెట్లు తగ్గింపు ధరకు ఇచ్చింది. టీచర్ల సంఘం 'పాఠం చెబుతాం, భోజనం పెట్టండి' అని ప్రచారం మొదలుపెట్టింది. భిక్షాటన చేసి చదువుకున్న విద్యార్థులు మన దేశంలో ఉన్నారు, భిక్షాటన చేసి చదువు చెప్పిన గురువుల్ని లోకం ఆ ఏడే చూసింది. అదే సమయంలో ఒసాకాలోని అధ్యక్షుడి ఆఫీసు తలుపులు తెరిచి పత్రికలవాళ్లకు చూపించారు. లోపల తేనీటి గది ఉంది, ఆవిరి స్నానపు గది ఉంది. ఉద్యోగుల నిధి మళ్లించినందుకు ఆయన తర్వాత జైలు శిక్ష మూటగట్టుకున్నాడు.

ఇదంతా పుట్టు ఇంగ్లిషువారి వైభోగం. జాబితాలో అగ్రస్థానం వారిది. ఇప్పుడు మెట్లు దిగి మన దగ్గరికి వద్దాం. మెట్లు చాలా ఉన్నాయి, చూసి దిగండి.

మా పిన్ని కూతురు షార్జాలో ఒక ఇండియన్ స్కూల్లో ఇంగ్లిషు టీచరు. ఎమ్మే, బీఎడ్, తెనాలిలో ఎనిమిదేళ్లు చెప్పిన అనుభవం. స్కూలు పేరు చెప్పను, చెబితే దాని ఉద్యోగం పోతుంది. ఫోన్లో అడిగాను.

"ఎంతిస్తారే?"

"మూడున్నర వేల దిర్హాంలు అన్నయ్యా."

"అబ్బో, ఎనభై వేలు! ఇంటద్దె?"

"మూడువేల రెండొందలు పడుతుంది. ఏడాదిది నాలుగు చెక్కులు ముందే రాసిచ్చేశాం."

"మరి మిగిలిన మూడొందలు?"

"స్కూలు బస్సుకి."

"అయితే ఎందుకే వెళ్లడం?"

"ఇంట్లో కూర్చుంటే బస్సు కూడా ఎక్కలేను కదా."

దాని వీసా భర్త పేరు మీద ఉంది. బడికి అదొక వరం. వీసా ఖర్చు లేదు, ఇల్లు ఇవ్వక్కర్లేదు, ఊరెళ్లడానికి టికెట్ ఇవ్వక్కర్లేదు. 'భర్త స్పాన్సర్‌షిప్ ఉన్నవారికి ప్రాధాన్యం' అని ప్రకటనలోనే వేస్తారు. భర్త పనిచేసే కంపెనీ, భార్య చెప్పే బడికి తెలియకుండానే సబ్సిడీ ఇస్తోందన్నమాట. సాయంత్రం ఇంట్లో నలుగురు పిల్లలకు ట్యూషన్ చెబుదామంటే పర్మిట్ తీసుకోవాలి. 2023 డిసెంబరులో ఆ పర్మిట్ పద్ధతి పెట్టారు. పర్మిట్ ఉచితమే, కానీ బడి నుంచి నలభై నోటుబుక్కులు మోసుకొచ్చి దిద్దేసరికి ట్యూషన్ చెప్పే నోరు మిగలదు.

అదే ఊళ్లో, కొన్ని వీధుల అవతల బ్రిటిష్ సిలబస్ బడి ఉంది. అలాంటి బడుల్లో బ్రిటన్ నుంచి వచ్చిన టీచరుకు మామూలుగా పదకొండు, పన్నెండు వేల దిర్హాంల దాకా ఇస్తారు. ఆపైన ఇల్లు, టికెట్టు, పిల్లల చదువు. అక్కడా పాసివ్ వాయిస్సే, ఇక్కడా పాసివ్ వాయిస్సే. పనిచేసినవాడి పేరు చివరికి నెట్టేసి, ఒక్కోసారి అసలు చెప్పకుండానే వాక్యం పూర్తి చేసే విద్య అది. గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్ల జీతాల పుస్తకం మొత్తం ఆ వాయిస్‌లోనే రాసి ఉంటుంది. 'ఫీజులు తక్కువ, అందుకే జీతాలు తక్కువ' అంటారు యాజమాన్యాలవారు. ఇందులో నిజం లేకపోలేదు. ఫీజు పెంచిన ఏడు జీతం ఎంత పెరిగిందని అడిగితే మాత్రం వాళ్లకు అకస్మాత్తుగా ఆడిట్ మీటింగ్ గుర్తొస్తుంది. ఇంకో చిన్న సంగతి: ఈ యాజమాన్యాలవారిలో చాలామంది తెల్లవాళ్లు కారు, మనవాళ్లే.

మాల్దీవుల్లో మరో రకం. అక్కడి దీవుల్లో బడులు చాలాకాలంగా మన దేశపు టీచర్ల మీదే నడుస్తున్నాయి. కేరళవాళ్లు, తమిళులు, మన తెలుగువాళ్లు. చుట్టూ నీలి సముద్రం, తెల్లటి ఇసుక, కొత్త జంటలు లక్షలు పోసి వెళ్లే చోటు. మన టీచరు జీతం తీసుకుంటాడు, అది రుఫియాల్లో ఉంటుంది. ఇంటికి పంపాలంటే డాలర్లు కావాలి. డాలర్లు ఆ దేశంలో కరువు. మాలేలోని మన స్టేట్ బ్యాంకు నెలకు 400 డాలర్లు పంపనిచ్చేది. 2025 అక్టోబరులో దాన్ని 150కి తగ్గించింది. బ్యాంకు రేటుకు డాలరు పదిహేనున్నర రుఫియాలు, బయట కొనాలంటే చెప్పిందే రేటు. అంటే జీతం ఎంతన్నది ఒక ప్రశ్న, అందులో ఎంత ఇంటికి చేరుతుందన్నది వేరే ప్రశ్న. దీవిలో ఖర్చుపెట్టడానికి కూరగాయలు కూడా పడవలో రావాలి. టీచరు తన జీతాన్ని స్వయంగా చూసుకుని సంతోషించే స్వేచ్ఛ ఆ దేశంలో సంపూర్ణంగా ఉంది.

ఇప్పుడు హైదరాబాద్‌కు రండి. తార్నాక దగ్గర ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉంది. 1958లో ఇంగ్లిషు బోధన కోసమే పుట్టిన సంస్థ. ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి అధికారులు, టీచర్లు ఇక్కడికొచ్చి నెలల తరబడి ఇంగ్లిషు నేర్చుకుని వెళ్తుంటారు. వాళ్ల విమాన ఛార్జీలు, బస, చేతిఖర్చు మన విదేశాంగ శాఖ సహకార పథకం కింద మన ప్రభుత్వమే భరిస్తుంది. నేర్పేది మన పంతుళ్లు. పాఠం బాగుందని సర్టిఫికెట్ తీసుకుని, బిర్యానీ తిని, చార్మినార్ దగ్గర గాజులు కొనుక్కుని వెళ్తారు. రేపు అదే పంతులు వాళ్ల ఊళ్లో ఉద్యోగానికి దరఖాస్తు పెడితే 'మాతృభాష ఇంగ్లిషేనా?' అని అడుగుతారు. మన డబ్బుతో మన దగ్గర నేర్చుకున్న ఇంగ్లిషులోనే ఆ ప్రశ్న అడుగుతారు, తప్పు లేకుండా.

ఇంతకీ మన ప్రభుత్వం అభిప్రాయం ఏమిటి? అది ఉద్యోగ వీసా నిబంధనల్లో స్పష్టంగా ఉంది. విదేశీయుడు మన దేశంలో ఉద్యోగం చేయాలంటే మామూలుగా ఏడాదికి 16.25 లక్షల రూపాయలకు తగ్గకుండా జీతం ఉండాలి. కొందరికి మినహాయింపు ఇచ్చారు. వాళ్ల దేశపు వంటలు వండే వంటవాళ్లకు, భాషా టీచర్లకు. అక్కడే బ్రాకెట్లో 'ఇంగ్లిషు టీచర్లు తప్ప' అని చేర్చారు. ఫ్రెంచి చెప్పేవాడు చవకగా రావచ్చు, చైనా నూడుల్స్ చేసేవాడు చవకగా రావచ్చు, ఇంగ్లిషు చెప్పేవాడు రాకూడదు. ఇంగ్లిషు చెప్పగలవాళ్లు మన దగ్గర కోకొల్లలు, బయటినుంచి తక్కువ జీతానికి తేవాల్సిన ఖర్మ లేదని ప్రభుత్వం ఉద్దేశం కాబోలు. సబబైన ఉద్దేశమే. ప్రపంచంలో మన ఇంగ్లిషు టీచరు మీద ఇంత గౌరవం చూపిన పత్రం నాకు మరొకటి కనబడలేదు.

ఆ గౌరవం ఇంటర్నేషనల్ స్కూలు గేటు దగ్గర ఏమవుతుందో చూడండి. పదహారు లక్షల పాతిక వేలంటే నెలకు లక్షా ముప్పై అయిదు వేలు. సియోల్ హగ్వాన్ జీతమే ఇంచుమించు. యాజమాన్యం ఒక విదేశీ టీచరును ఆ జీతానికి పెట్టుకుంటుంది. బ్రోచరు మొదటి పేజీలో, బస్సు వెనక, జూబ్లీహిల్స్ హోర్డింగు మీద ఆయన ఫొటో వేస్తుంది. పక్క గదిలో అదే సిలబస్ చెప్పే ఎమ్మే బీఎడ్ మేడమ్‌కు పద్దెనిమిది వేలు, వేసవి రెండు నెలలు అదీ లేదు. ఆయన క్లాసు నోటుబుక్కులు కూడా ఆవిడే దిద్దుతుంది, ఎందుకంటే ఆయనకు పిల్లల పేర్లు చదవడం రాదు. ఆయన జీతాన్ని యాజమాన్యం ఫీజు రసీదులో 'గ్లోబల్ ఫ్యాకల్టీ ఛార్జి' అని వేరే గడి గీసి వసూలు చేస్తుంది, మనం గొణక్కుండా కడతాం. మేడమ్‌కు అయిదు వేలు పెంచుదామని ఎవరైనా పేరెంట్స్ మీటింగ్‌లో లేచి అన్నారనుకోండి, 'అయితే ఫీజు పెరుగుతుందా?' అని ముందు అడిగేది కూడా మనమే.